నడుమెత్తు గోడ

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. పడమటి గాలి పొడిగా వీస్తోంది. వరండాలోని ఉష్ణమాపకం ముప్పై ఆరు డిగ్రీలు చూపుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. మా వంటగది మధ్యలో గొంతుక్కూర్చున్న మేస్త్రీ తన తాపీని బకెట్టు నీళ్ళలో కడిగి, గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చే మనిషి తాపీని కడిగి బకెట్లోనే వదిలేస్తాడు. ఇతను తుడిచి సంచిలో పెట్టుకున్నాడు గనుక, రేపు రాడని నాకు అర్థమైంది.

"రేపట్నుంచి అంతా బందంటమ్మా. బస్సులు కూడా ఉండవట. చీకటి పడేలోగా మా ఊరి దారి పట్టాలి."

"గోడ సగమే లేచిందయ్యా."

"గోడ ఎక్కడికి పోతుందమ్మా? ఉన్నచోటే ఉంటుంది. పోయేది నేనే." అతను లేచి, ఆఖరి వరుస ఇటుకల మీద అరచేయి వేసి చూశాడు. గోడ సరిగ్గా అతని నడుము దాకా వచ్చింది. "మీరు మాత్రం రోజూ రెండు పూటలా నీళ్ళు కొట్టండి. తాగినంత తాగనివ్వండి. ఎండకు వదిలేశారనుకోండి, నేనొచ్చేసరికి చేత్తో తోస్తే పడిపోతుంది. అప్పుడు మళ్ళీ మేస్త్రీకి పని చేతకాదంటారు."

ఈ మాటలు నాతో అన్నాడు. తరువాత గోడ అవతలి వైపుకు తిరిగి, అక్కడ నిలబడి ఉన్న నా తోడికోడలితో అవే మాటలు మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చెప్పాడు. మా ఇద్దరి మధ్య దూరం మూడు అడుగులకు మించదు. అయినా ఆ ఇంట్లో ఒక్కో మాటను రెండేసి సార్లు చెప్పాలని అతనికి పని మొదలుపెట్టిన రోజే తెలిసిపోయింది.

ఆ గోడకు కారణం ఉప్పు.

ఆ ఇల్లు మా వారూ, ఆయన తమ్ముడూ కలిసి కొన్నది. గదులు ఎన్ని ఉన్నా, పొడవాటి వంటగది మాత్రం ఒక్కటే. నేను విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించేదాన్ని. నా తోడికోడలు ఇంటి ముందు గదిలో బట్టలు కుట్టేది. వంట ఎక్కువగా ఆమెదే. టేపు పట్టకుండా మనిషిని ఒక్కసారి చూసి గుడ్డ కత్తిరించినట్టే, ఆమె కూరలో ఉప్పు కూడా చేతి అంచనాతో వేసేది, తప్పేది కాదు. మూత తీసి ఆవిరి వాసన చూసి, ఏది తక్కువైందో చెప్పేది. మా వారి మూత్రపిండాలు చెడిపోయినప్పుడు వైద్యుడు ఉప్పుకు హద్దు పెట్టాడు. నేను వంటగదిలోకి చిన్న త్రాసు తెచ్చి, ఆయన వాటా ఉప్పు తూచి వేయడం మొదలుపెట్టాను. చప్పిడి ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన ముఖం తిప్పుకోవడం ఆమె చూడలేకపోయింది. నాకు తెలియకుండా ఆయన కంచంలో చిటికెడు ఉప్పు వేస్తూ వచ్చింది. ఆయన పోయిన తరువాత ఆ సంగతి బయటపడింది.

"నువ్వు వేసిన చిటికెలన్నీ కలిపితే ఎంతవుతుందో లెక్క వెయ్యనా?" అని నేను అడిగాను.

"ఆకలితో పంపించారు మీరాయన్ని. మరి దానికి లెక్కుందా?" అని ఆమె అడిగింది.

అప్పటినుంచి మాకు మాటల్లేవు. పొయ్యిలు రెండయ్యాయి, సిలిండర్లు రెండయ్యాయి, పెరట్లోకి తలుపులు రెండయ్యాయి. కానీ గది ఒక్కటే గనుక, రోజుకు పది సార్లు ఒకరి ముఖం ఒకరు చూడక తప్పలేదు. గోడ కట్టిద్దామని మా మరిదితో అన్నది నేను. "రేపే కట్టించుకోమనండి, ఇటుకలు నేను తెప్పిస్తా" అన్నది ఆమె. ఆ గోడ పైకప్పును తాకిన రోజున, ఆమె గిన్నె చప్పుడు కూడా నా చెవిన పడదు. నాకు పిల్లలు లేరు. ఆ తరువాత ఆ ఇంట్లో నాకు మిగిలేది నేనొక్కదాన్నే. ఇదంతా ముందుగా ఆలోచించుకునే అడిగాను. ఆలోచించుకున్న పనిని భరించడం తేలికవుతుందన్నది నా లెక్క. మేస్త్రీ వెళ్ళిపోయిన ఆ సాయంత్రం, సగం గోడ ముందు నిలబడినప్పుడు నాకు కలిగినది చిరాకు కాదు, ఊపిరి తీసుకోవడానికి దొరికిన వ్యవధి. కానీ ఆ మాట అప్పుడు నాకు నేనే చెప్పుకోలేదు.

మూడో రోజున వార్డు ఉద్యోగి ఒకాయన ముఖానికి గుడ్డ కట్టుకుని గేటు దగ్గరకు వచ్చాడు. సరుకులకు బయటికి వెళ్ళాలంటే కార్డు ఉండాలట. తలుపు నంబరుకు ఒక కార్డు. కార్డుకు ఒక మనిషి. ఆ మనిషి వయసు అరవై అయిదుకు లోపు ఉండాలి.

"మావి రెండు ఇళ్ళండీ" అన్నాను.

"నంబరొకటే ఉందే."

"లోపల గోడ కట్టించుకున్నాం."

ఆయన వరండాలో నుంచి వంగి లోపలికి తొంగిచూశాడు. గోడకు అవతల నిలబడి మా సంభాషణ వింటున్న నా తోడికోడలు, నడుము నుంచి తల దాకా, ఆయనకు నిండుగా కనబడింది.

"ఇదా గోడ? అరుగులా ఉంది. పూర్తి చేసుకున్నాక రండి, రెండో కార్డు సంగతి అప్పుడు చూద్దాం."

నాకు డెబ్బై ఒకటి. మా మరిదికి అరవై ఎనిమిది. కాబట్టి కార్డు నా తోడికోడలి చేతికి వెళ్ళింది. నా తిండి, నా మందులు, నా సబ్బుబిళ్ళ, అన్నీ అవతలి వైపు మనిషి దయ మీద ఆధారపడ్డాయి. అడగాలంటే మాట్లాడాలి. మాట్లాడటం నాకు చావుతో సమానం. మధ్యవర్తిగా పంపుదామంటే మా మరిది సంగతి అందరికీ తెలిసిందే. ఆయన వాచీలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని వెంట్రుక లాంటి స్ప్రింగును సరిచేయగలడు గానీ, ఒక నోట విన్న మాటను ఇంకో నోటికి సరిగ్గా చేర్చలేడు.

మర్నాటి ఉదయం ఆమె చేతిసంచీ తీసుకుని వంటగదిలోకి వచ్చి, గోడ ముందు ఆగింది. గోడతోనే అన్నది.

"కొట్టుకెళ్తున్నాను. కావలసినవాళ్ళు కావలసింది చెప్పుకోవచ్చు. తర్వాత నా చెవిన పడలేదంటే నా పూచీ లేదు."

గోడకు చెప్పుకున్నట్టు అని జనం అంటారు, విననివాళ్ళకు చెప్పే మాటను. మా ఇంట్లో వినేది గోడ ఒక్కటే అయింది. నేనూ దానివైపే చూసి చెప్పాను.

"బంగాళాదుంపలు కిలో. ఉల్లిపాయలు కిలో. గుడ్లు ఆరు. రక్తపోటు మాత్రలు, డబ్బా మీద పేరుంది."

"గోడకు గుడ్లెందుకో" అనుకుంటూ ఆమె వెళ్ళింది. వెనక గదిలో మా మరిది కిసుక్కున నవ్వాడు.

ఆమె తెచ్చినవి గోడ మీద పెట్టేది. నేను వాటిని ఒక పూటంతా అక్కడే ఉంచి, తరువాత సబ్బునీళ్ళలో కడిగి తీసుకునేదాన్ని. వ్యాధి ఏ దారిన వస్తోందో ఎవరికీ సరిగ్గా తెలియని రోజులవి. తెలియనప్పుడు ఎక్కువ జాగ్రత్త తక్కువ నష్టమని నా వాదన. కానీ వాదన నా తలలో ఉంది, బయటికి కనబడింది మాత్రం కడగడం. ఆమె ముట్టుకున్న ఉల్లిపాయను నేను రుద్ది రుద్ది కడగడం గోడ అవతలి నుంచి ఆమె చూసింది.

"మా చేతులకు పేడ అంటుకుని ఉన్నట్టుంది, గోడా" అన్నది. మర్నాటి నుంచి, నేను తిరిగిచ్చిన ఖాళీ సంచీని కూడా ఆమె నాకు కనబడేలా పెరటి కుళాయి కింద పెట్టి ఉతికేది.

ఇద్దరి కడుగుళ్ళూ చూసి మా మరిది బెంబేలెత్తిపోయాడు. ఒక ఉదయం ఆమె సరుకులు బల్లమీద పెట్టి స్నానానికి వెళ్తూ, "వచ్చినవన్నీ కడిగి పెట్టండి, అక్కడ ఒకరు చూస్తున్నారు, మనమేం తక్కువా?" అని ఆజ్ఞ వేసి వెళ్ళింది. ఆయన శ్రద్ధగా మొదలుపెట్టాడు. ముందు టమాటాలు. తరువాత వంకాయలు. ఆ తరువాత కాగితం పొట్లంలో ఉన్న చక్కెర. నేను ఇవతల నుంచి చూస్తూనే ఉన్నాను. ఆయన పొట్లాన్ని కొత్తగా పట్టిన మంచినీళ్ళ బకెట్లో ముంచి, భూతద్దం కింద పెట్టవలసిన వస్తువులా నలువైపులా జాగ్రత్తగా తోమడం చూస్తున్నా నోరు పెగల్లేదు. కాగితం చిరిగింది. ఆయన నీళ్ళలో చెయ్యి పెట్టి వెతికాడు.

"వదినా, ఇందాక ఇక్కడ చక్కెరుండాలి."

"ఉంది" అన్నాను. "నీళ్ళలోనే ఉంది. ఎక్కడికీ పోలేదు."

ఆమె తల తుడుచుకుంటూ వచ్చి బకెట్టు చూసింది. "ఏమండీ, వారానికి సరిపడా చక్కెర! బుద్ధుందా మీకు?"

"నువ్వే కదే అన్నీ కడగమన్నావు."

"ఉప్పు కూడా కడిగేశారా?"

"దాని దగ్గరికి ఇంకా రాలేదు."

ఆమె పకపక నవ్వింది. నేనూ నవ్వాను. ఒకరి నవ్వు ఒకరికి వినబడగానే ఇద్దరం ఆపి, చెరో వైపు తిరిగాం. ఆ చక్కెరనీళ్ళను ఆమె పారబోయనివ్వలేదు. రెండు రోజులు వాళ్ళ టీ ఆ నీళ్ళతోనే కాగింది. రెండో రోజున గోడ మీద ఒక కప్పు టీ కూడా వచ్చి కూర్చుంది. ఎవరికని ఎవరూ అనలేదు. కప్పును కడగకుండానే తాగాను.

గోడను తడిపే పని ఉండనే ఉంది. తెల్లవారి ఎండ ఎక్కకముందు నేను చెంబుతో నీళ్ళు తెచ్చేసరికి ఇటుకలు అప్పటికే నల్లగా తడిసి ఉండేవి. రాత్రి నేను పోసిన తడే ఆరలేదని కొన్నాళ్ళు అనుకున్నాను. ఒక రోజు ముందుగా లేచి వచ్చేసరికి, ఆమె అవతల నిలబడి మగ్గుతో పోస్తోంది. మేస్త్రీ ఇద్దరికీ విడివిడిగా చెప్పాడు గనుక, ఇద్దరం విడివిడిగా రెండు పూటలా తడుపుతున్నాం. ఆ సంగతి తెలిసిన తరువాత ఎవరో ఒకరు మానేయాలి. ఎవరూ మానలేదు. పైగా ఇద్దరం ఒకే వేళకు రావడం మొదలుపెట్టాం. ఆమె తన వైపు, నేను నా వైపు. నీళ్ళు ఇటుకల మధ్య నుంచి కారి రెండు వైపులా ఒకేలా మడుగు కట్టేవి. సిమెంటు గట్టిపడే చర్య మొదటి కొన్ని వారాల్లోనే చాలావరకు పూర్తవుతుంది. ఆ తరువాత పోసే నీళ్ళు దండగ. ఈ విషయం నేను పాతికేళ్ళు పాఠం చెప్పాను. అయినా ఆ గడువు దాటిన తరువాత కూడా చెంబు తీసుకుని వెళ్తూనే ఉన్నాను.

ఒక ఉదయం తడి గోడ మీద గుడ్డ మాస్కు ఒకటి కనబడింది. పాత దుప్పటి ముక్కతో, మూడు పొరలతో కుట్టినది. "ఎవరో మరిచిపోయినట్టున్నారు" అన్నది ఆమె గోడతో. పెట్టుకుని చూశాను. ముక్కు దగ్గర గానీ గడ్డం దగ్గర గానీ వేలు దూరే సందు లేదు. నా ముఖాన్ని ఆమె ఎప్పుడు కొలిచిందో నాకు తెలియదు.

తరువాత ఆ సాయంత్రం వచ్చింది. పొద్దు వాలింది, దీపాలు ఇంకా పెట్టలేదు. మబ్బు కమ్మి, వాన పడకుండా ఉక్కపోస్తోంది. ఆకు కదలడం లేదు. నేను నా వైపు కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాను. కుళ్ళిన క్యాబేజీ లాంటి వాసన ఒకటి సన్నగా ముక్కుకు తగిలింది. ముందు నా పొయ్యి చూసుకున్నాను, కట్టేసే ఉంది. లేచి గోడ దగ్గరకు వెళ్తే వాసన ముఖాన కొట్టింది. అవతలి పొయ్యి మీద పాలగిన్నె ఉంది. పాలు పొంగి గట్టంతా తెల్లగా పరుచుకున్నాయి. మంట లేదు. పొయ్యి మీట మాత్రం తెరిచే ఉంది.

వంటగ్యాసుకు స్వతహాగా వాసన ఉండదు. ప్రమాదం తెలియడం కోసమే దానిలో ఆ దుర్గంధాన్ని కలుపుతారు. అది గాలికంటే బరువైనది, నేలబారున పరుచుకుంటుంది. అంటే మా గోడ దానికి ఆనకట్ట అయింది. అవతల నిండినంత నిండి, అంచు దాటి పొర్లిన కొంచెం నా దాకా వచ్చింది. గోడ లేకపోతే ఎంతో ముందే పసిగట్టేదాన్ని. గోడ పూర్తయి ఉంటే అసలు పసిగట్టేదాన్ని కాదు. ఈ వాక్యాలన్నీ నేను తరువాత కూర్చుకున్నవి. అప్పుడు కనబడింది ఒక్కటే: నా తోడికోడలు నుదురు నొక్కుకుంటూ గదిలోకి వచ్చి, దీపం వేయడానికి గుమ్మం పక్క స్విచ్చి మీదికి చెయ్యి చాచింది.

"ముట్టుకోకు!"

చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆమె నా ముఖంలోకి చూసింది.

"స్విచ్చి ముట్టుకోకు. ఏదీ వెయ్యకు. సిలిండరు కట్టెయ్. పెరటి తలుపు తెరువు. మెల్లిగా."

ఎందుకని అడగలేదు. వంగి సిలిండరు కట్టింది; తలుపు తెరిచింది. నేను నా తలుపు తెరిచాను. ముందు గదిలో వాచీల మధ్య కూర్చున్న మా మరిదిని, దేనిమీదా చెయ్యి వెయ్యకుండా వీధి గుమ్మంలోంచి బయటికి నడవమని కేకేశాను. ముగ్గురం మూడు దారుల్లో పెరట్లోకి చేరి, మాస్కులతో దూరదూరంగా నిలబడ్డాం.

"పాలు పెట్టి ఎక్కడికి పోయావు?"

"ఒళ్ళు నొప్పులుగా ఉంటే కాసేపు నడుం వాల్చాను. పట్టేసింది నిద్ర."

"వీధి చివరిదాకా కొట్టే వాసన. గదిలోకొచ్చాక కూడా తెలియలేదా నీకు?"

"ఏ వాసనక్కా?"

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది. ఆవిరి వాసనతో ఉప్పు చెప్పగలిగిన మనిషి.

నా పెరటి గుమ్మం పక్కన కడిగి ఆరబెట్టిన ఉల్లిపాయల్లో ఒకటి తీసి, చేతిలోనే ఉండిపోయిన చాకుతో పాటు పెరటి అరుగు మీద పెట్టి వెనక్కి జరిగాను. "కొయ్యి. ముక్కు దగ్గర పెట్టుకో."

ఆమె అవతలికి తిరిగి మాస్కు దించి, ఉల్లిపాయ కోసి ముక్కుకు ఆనించుకుంది. గట్టిగా పీల్చింది. ఇంకోసారి పీల్చింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, వాసన రాలేదు. ఆ లక్షణం గురించి వార్తల్లో చెబుతూనే ఉన్నారు గనుక, ముగ్గురికీ అర్థమైంది. ఆ కన్నీళ్ళలో ఉల్లిపాయవి ఎన్నో నేను లెక్కగట్టలేదు.

మర్నాడు పరీక్ష చేశారు; ఉందని తేలింది. గేటుకు కాగితం అంటించారు, తలుపు నంబరు ఒకటే కాబట్టి నన్ను కూడా లోపలే ఉంచి. కార్డు దండగయింది. మూలకొట్టాయన మాత్రం రోజూ ఉదయం గేటు ముందు సంచీ పెట్టి, సైకిలు గంట మోగించి, "ఎట్లా ఉందమ్మా మా బేరాలావిడకి? తగ్గించమని అడిగేవాళ్ళు లేక బేరం చప్పగా ఉంది!" అని అరిచి వెళ్ళేవాడు. ఆమెను పెరటి పక్క గదిలో ఉంచాం, కిటికీ తెరిచి. మా మరిదికి దగ్గు ఉంది గానీ జ్వరం లేదు. తినడం తప్ప వంట తెలియదు. కాబట్టి ఆ ఇంటికి వండే చేయి నాదే అయింది. వండి, గోడ మీద పెట్టి, నేను పెరట్లోకి వెళ్ళిన తరువాత ఆయన వచ్చి తీసుకునేవాడు. తరువాత పెరటి దడి దగ్గర నిలబడి నాకు కబురు చెప్పేవాడు.

"వదినా, మీ వంట ఎలా ఉందంటే ఏమందో తెలుసా?"

"నువ్వు మార్చకుండా చెప్పగలిగితే చెప్పు."

"గడ్డి పెట్టినా ఒకటే, మట్టి పెట్టినా ఒకటే, అక్క వంట తినడానికి దేవుడు సరైన జబ్బే ఇచ్చాడు, అంది."

జబ్బు హాస్యం దగ్గర ఆగలేదు. తరువాతి వారంలో జ్వరం తిరగబెట్టింది. ఒక మధ్యాహ్నం ఆయన దడి దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. ఆమెకు ఆయాసం వస్తోంది. ఆసుపత్రికి ఫోను చేస్తే మంచం లేదన్నారు. ఫోనులో దొరికిన వైద్యుడు బోర్లా పడుకోబెట్టమనీ, నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్కపెడుతూ ఉండమనీ, ఆ అంకె ఒక హద్దు దాటితే మళ్ళీ చేయమనీ చెప్పాడు. నేను కిటికీకి దూరంగా, ఎండలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. మా మరిది గుమ్మంలో కూర్చుని, చేతిలో వాచీ పట్టుకుని, సెకండ్ల ముల్లు తిరిగినంత సేపు ఆమె వీపు లేవడం లెక్కపెట్టి నాకు అంకె చెబుతున్నాడు. ఆ పూట మాత్రం ఒక్క అంకె కూడా తప్పు చేర్చలేదు.

"అక్కా" అన్నది ఆమె దిండులోంచి. "గోడ తడిపారా ఇవాళ?"

"నా వైపు తడిపాను."

"నా వైపు?"

"మాట్లాడకు. ఊపిరి తీసుకో."

"ఎండిపోతుంది" అన్నది.

నేను లేచి వెళ్ళి, నా వైపు నుంచి గోడ మీదుగా వంగి, అవతలి ఇటుకల మీదికి నీళ్ళు పోశాను. ఇటుకలు తాగుతున్న చప్పుడు వినబడుతూ ఉంటే నా చెంబు ఖాళీ అయ్యేదాకా పోశాను. తిరిగి వచ్చి "తడిపాను" అన్నాను. సాయంత్రానికి మా మరిది చెప్పే అంకె ఒకటొకటిగా దిగింది. వైద్యుడికి మళ్ళీ ఫోను చేయవలసిన అవసరం రాలేదు.

వానలు మొదలైన తరువాత, ఇక భయం లేదని వైద్యుడు చెప్పిన రోజున, ఆమె మొదటిసారి వంటగదిలోకి వచ్చింది. మనిషి సగమైంది. గోడ అవతల స్టూలు వేసుకుని కూర్చుంది. నేను ఇవతల కూర్చున్నాను. ఇద్దరి ముందూ గోడ మీద చెరో గిన్నె, బంగాళాదుంపల కూర కలిపిన అన్నం. ఆమె ఒక చెంచా నోట్లో పెట్టుకుని నమలడం ఆపింది.

"అక్కా."

"ఏమిటి? ఆయాసమా?"

"ఇందులో ఉప్పు లేదు."

"ఉంది. తూచి వేశాను."

"లేదు." ఇంకో చెంచా నోట్లో పెట్టుకుంది. ముఖం చిట్లించింది. "అమ్మో, ఇదేనా ఇన్నాళ్ళూ నాకు పెట్టింది? చప్పిడి బంగాళాదుంప! కొంచెం మాడింది కూడా. అడుగంటిన వాసనొస్తోంది."

అంత అందమైన విమర్శ నా వంటకు ముందుగానీ తరువాతగానీ రాలేదు. నేను లేచాను. త్రాసు పక్కన ఉన్న ఉప్పుడబ్బా తీసుకుని, మూత తీసి, గోడ మీద, ఆమె చేతికి అందేలా పెట్టాను.

"వేసుకో."

ఆమె డబ్బా వంక చూసింది. చెయ్యి చాచలేదు. "ఎంత?" అని అడిగింది.

"నీ చేతికి తెలుసుగా" అన్నాను.

వాన పెరటి రేకుల మీద పడుతోంది. ఆమె చిటికెడు తీసి తన గిన్నెలో వేసుకుంది. ఇంకో చిటికెడు తీసి, గోడ మీదుగా చెయ్యి చాచి, నా గిన్నెలో వేసింది. నేను ఆపలేదు. సరిపోయింది.

బస్సులు తిరగడం మొదలైన తరువాత మేస్త్రీ వచ్చాడు, గడ్డం పెంచుకుని, అదే సంచీతో. పెరట్లో మిగిలిన ఇటుకలు చూశాడు. గడ్డకట్టిన సిమెంటు బస్తాను కాలితో తట్టి చూశాడు.

"కొత్త బస్తా కావాలమ్మా. రెండు రోజుల్లో పైదాకా లేపేస్తా" అని నాతో అన్నాడు. అలవాటు ప్రకారం అవతలికి తిరిగి మొదలుపెట్టాడు. "కొత్త బస్తా కావాలమ్మా, రెండు రోజుల్లో..."

"ఒకసారి చెబితే చాలయ్యా" అన్నది నా తోడికోడలు. "వినబడింది."

అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"పడగొట్టెయ్" అన్నాను.

"ఏమిటీ?"

"అక్క చెప్పింది కదా. పడగొట్టు."

అతను ఉలి పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేశాడు. ఉలి ఎగిరి పక్కకు పడింది. ఇంకో చోట పెట్టి కొట్టాడు. ఇటుక అంచు నుంచి గోరంత పెచ్చు లేచింది. అతను గోడను అరచేత్తో తడిమి, దాదాపు కోపంగా అడిగాడు.

"రెండు పూటలా కొట్టమన్నాను గానీ ఏం పోశారమ్మా దీనికి?"

"రెండు పూటలే కొట్టాను" అన్నాను.

"నేనూ రెండు పూటలే" అన్నది ఆమె.

మేస్త్రీ మనసులో ఏదో కూడుకున్నాడు. తరువాత ఉలిని సంచిలో వేసుకున్నాడు. "దీన్ని కొడితే పక్కగోడలు బీటలిస్తాయమ్మా. నా మాట వినండి. పైన ఒక రాతిపలక పరిచేస్తాను. గట్టులా పనికొస్తుంది."

పలక పరిచిన సాయంత్రమే మా మరిది దాని మీద ఎక్కి కూర్చుని కాళ్ళు ఊపుతూ, "ఇన్నేళ్ళూ నన్ను గోడమీది పిల్లి అని తిట్టావు కదే, ఇప్పటికి గోడ దొరికింది" అన్నాడు. ఆమె చీపురు చూపించేదాకా దిగలేదు.

ఆ పలక మీద మధ్యకు పొయ్యి పెట్టుకున్నాం, రెండు వైపుల నుంచీ చెయ్యి అందేలా. మరో రెండు సంవత్సరాలకు రెండో గ్యాసు కనెక్షను వాపసు చేశాము.